అప్ప దారిలో మా ఇల్లు

మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే మా ఇంట్లో అందరం ఒకటే పేరు చెప్పేవాళ్ళం. శ్రీకాకుళం అవతల, సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరు మా అమ్మ చూడలేదు, మా అమ్మమ్మ చూడలేదు, నేనూ చూడలేదు. అమ్మమ్మ వాళ్ళ నాన్న రేవులో బస్తాలు మొయ్యడానికి ఓడెక్కి వచ్చాడట. ఆయన దిగిన దగ్గర్నుంచీ మేమంతా బర్మాలో, ఈ యాంగోన్‌లోనే, పజుండౌంగ్ కాలవకి దగ్గర్లో, ఒక పాత చెక్క ఇంట్లో పుట్టి పెరిగాం. అయినా నోరు తెరిస్తే ఆ చూడని ఊరే మా ఊరు. బర్మావాళ్ళకి మాత్రం మేం కోరంగీలం. కోరంగి రేవులో ఎవరో ఎప్పుడో ఓడెక్కారని తెలుగువాళ్ళందరికీ ఆ పేరు తగిలించేశారు. మాది కోరంగి కాదు మొర్రో అని చెప్పీ చెప్పీ, చివరికి మా అమ్మ విసుగెత్తి మానేసింది.

నా ఊరేదో నాకు తేల్చి చెప్పింది మోంగ్ అనే కొండజాతి ముసలామె ఒకతె. ఉత్తరాన షాన్ కొండల్లోంచి వచ్చిన మనిషి. ఈ ఏడు వానలు మొదలవక ముందు, నది అవతల తన్లిన్‌లో పోయింది. ఆవిడని సాగనంపిన రోజున జరిగింది నాలోనే ఉంచుకోవడం నా వల్ల కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నాకు తెలిసింది ఆవిడ కూతురు. నేను ఇంట్లోనే ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. బర్మావాళ్ళు లుంగీల్లా కట్టే లొంజీలు, జాకెట్లు, మనవాళ్ళ పెళ్ళిళ్ళప్పుడు లంగాలు. ఆ పిల్ల కొండల్లోంచి వచ్చిన కొత్తలో నా దగ్గర మిషను నేర్చుకుంది. చేతి కుట్టులో నాకే పాఠాలు చెప్పగలదు గాని, మిషను మీద కాలు పెడితే గుర్రం ఎక్కినట్టు అదిరిపోయేది. నేర్చుకున్నాక ఊరి పడమటి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో చేరింది. ఆదివారాలు వచ్చిపోతూ ఉండేది. నన్ను సయామ అంటుంది, అంటే పంతులమ్మ. నాకంత మర్యాద ఇచ్చే మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు.

కొండల్లో తుపాకులు మోగడం ఎక్కువైనప్పుడు ఆ పిల్ల తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంది. హాస్టలు గదిలో ఇంకా ముగ్గురమ్మాయిలు. ఎలాగో సర్దుకుంటూ ఉండగానే దేశమంతా అంటురోగం వచ్చిపడింది, ఫ్యాక్టరీ పిల్లల్ని బయటికి కదలనివ్వడం మానేశారు. ఆ కట్టడి మొదలవక ముందే, ఒక పొద్దున్న, తల్లిని పికప్పు బండిలో ఎక్కించుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"నాలుగు రోజులు ఉంచుకోండి సయామ" అంది.

లోపల్నించి మా అమ్మ కేకేసింది. "ఏటే, ఈవిడెవులు?"

"మన పిల్ల వాళ్ళమ్మ. నాలుగు రోజులుంటాది."

"నాలుగు రోజులేటి, నడుం సూడు ఎలగుందో. ముందు కూకోబెట్టు."

ఆ నాలుగు రోజులూ రెండు వానాకాలాలయ్యాయి. మా అమ్మ మొదటిరోజునుంచే ఆవిడని అప్ప అని పిలిచింది. మావైపు అక్కని అప్ప అంటారు. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎవరికీ తెలీదు, ఎందుకంటే అప్పకి తను పుట్టిన ఏడు తెలీదు. తన కన్నా ముందు పళ్ళూడినాయి కాబట్టి అప్పే పెద్దదని మా అమ్మ తీర్మానం చేసేసింది.

ఆ ఇద్దరికీ కలిసిన భాష లేదు. అప్పకి తన మోంగ్ మాట, కొంచెం షాను, ముక్కలు ముక్కలుగా బర్మా మాట. మా అమ్మకి బర్మా మాట బాగానే వచ్చుగాని, కోపమొచ్చినా ప్రేమొచ్చినా తెలుగులోకి దిగిపోయేది. పొద్దున్న టీ తాగాక వెనక వరండాలో కూర్చుని, చిక్కుళ్ళు ఒలుస్తూనో, ఊరికేనో, ఎవరి భాషలో వాళ్ళు సాయంత్రం దాకా మాట్లాడుకునేవారు. ఒకరు నవ్వితే ఇంకొకరు నవ్వేవారు. ఏమనుకున్నారే అని అడిగితే, "ఆల్ల మావగారు ఉత్త సన్నాసట" అనేది మా అమ్మ. అది ఎలా అర్థమైందో నాకు ఇప్పటికీ తెలీదు.

అప్ప తెచ్చుకున్న సంచిలో ఒక పావడా ఉండేది. నీలం రంగు, బెత్తెడు జాగాలో వేళ్ళతో లెక్కపెట్టలేనన్ని కుచ్చిళ్ళు. నేను దర్జీదాన్ని కదా, చూడగానే ప్రాణం లేచివచ్చింది. జనుము లాంటి నార నేసి, దానిమీద తేనెమైనం కరిగించి గీతలు గీసి, నీలిమందులో ముంచి, తరవాత మైనం ఉడకబెట్టి తీసేస్తారట. మైనం ఉన్నచోట తెలుపు మిగులుతుంది. మా అమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని కుచ్చిళ్ళు విప్పి మూసి, విప్పి మూసి, "ఓలమ్మ, ఇది కుట్టీసరికి పెల్లికూతురు ముసిల్దయిపోదా" అంది.

అప్ప చెప్పిందాన్ని బట్టి మోంగులు ఒకటే రకం కాదు. తెల్ల మోంగులని ఉన్నారు, వాళ్ళ ఆడవాళ్ళు తెల్ల పావడా కడతారు. వీళ్ళు నీలి మోంగులు. మాట కూడా కొంచెం తేడా అట, శ్రీకాకుళం వాళ్ళకీ మిగతా తెలుగువాళ్ళకీ ఉన్నంత అనుకుంటాను. చీనావాళ్ళూ షాన్లూ వీళ్ళనందరినీ కలిపి మ్యావ్ అంటారు. ఆ మాట వింటే అప్ప మొహం ముడుచుకునేది. మమ్మల్ని కోరంగీలంటారని నేను చెబితే నా చెయ్యి పట్టుకుని ఊరికే తట్టింది.

పావడా మీద అడ్డగీతలు వాళ్ళ చరిత్ర. ఎప్పుడో చీనాలో రాజుల యుద్ధాల్లో ఓడిపోయి దక్షిణానికి నడిచినప్పుడు దాటిన నదులవి. ఈ గీత ఒక పెద్ద నది, ఈ గీత ఇంకో పెద్ద నది, మధ్యలో చిన్న గళ్ళు వదిలేసి వచ్చిన పొలాలు. ఒక నది దాటేటప్పుడు వాళ్ళ పుస్తకాలన్నీ నీళ్ళపాలయ్యాయట, అప్పట్నించి వాళ్ళకి రాత లేకుండా పోయిందట, ఆడవాళ్ళు మాత్రం గుర్తున్నంతవరకు బట్టమీద కుట్టి దాచారట. నిజమో కాదో గాని నాకు కొంచెం అసూయ వేసింది. మావాళ్ళు ఏకంగా సముద్రమే దాటారు, ఒక్క చీర అంచుమీదన్నా ఆ సంగతి నేసుకోలేదు.

అప్పుడే ఒకరోజు అప్ప నన్ను అడిగింది, నీ చొక్కా ఎక్కడ పాతారు అని. నాకు అర్థం కాలేదు. వాళ్ళలో బిడ్డ వెనకాల పడే మావిని మొదటి చొక్కా అంటారట. పుట్టేటప్పుడు మనిషి వేసుకొచ్చే బట్ట అన్నమాట. మగపిల్లాడిదైతే ఇంటి నడిమి స్తంభం దగ్గర, ఆడపిల్లదైతే తల్లిదండ్రుల మంచం కింద పాతిపెడతారు. మనిషి పోయాక ప్రాణం ఆ చొక్కా కోసం వెనక్కి నడవాలి. పోయిన ఊరినుంచి, అంతకుముందు ఉన్న ఊరికి, దానిముందు ఊరికి, ఒక్కటీ తప్పకుండా, ప్రతిచోటా ఆగి, ఇక్కడి నీళ్ళు తాగాను, ఇక్కడి కట్టెలు కాల్చుకున్నాను, చల్లగా ఉండండి అని ఆ చోటికి చెప్పుకుని, చివరికి పుట్టినచోటికి చేరి చొక్కా తొడుక్కోవాలి. అప్పుడుగాని తాతముత్తాతల దగ్గరికి పోలేదు. ఆ దారి చెప్పే పాట ఒకటుంది. ఎవరైనా పోతే, పాట తెలిసిన పెద్దమనిషి పక్కన కూర్చుని పాడతాడు. ఒక ఊరు తప్పిపోతే ప్రాణం అక్కడే నిలబడిపోతుంది, ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

నేను మా శ్రీకాకుళం ఊరి పేరు చెప్పాను. అప్ప తల అడ్డంగా ఊపింది. నీ చొక్కా అక్కడుందా అని అడిగింది. నేను మా అమ్మకేసి చూశాను.

"నీదా? ఎక్కడేటి, ఎనక పెరట్లోనే" అంది అమ్మ, చిక్కుళ్ళ మీంచి తలెత్తకుండా. "నీల్ల తొట్టి పక్కన పాతీసింది మంత్రసాని. నువ్వు చిన్నప్పుడు నీల్లు పోసుకుని గెంతీదానివి కాదేటి, దాని మీదే."

ఇన్నేళ్ళ వయసొచ్చాక ఆ సంగతి నాకు తెలిసింది. అప్పకి బర్మా మాటల్లో చెప్పాను. ఆవిడ లేచి, పెరట్లోకి నడిచి, తొట్టి పక్కన నేల చూసి వచ్చి, ఇంకేం మరి, నీ ఊరు ఇదే అంది. నీకు పెద్ద నడక కూడా లేదు అని నవ్వింది. నేను లోపలికి పోయి మిషను ముందు కూర్చుని కాసేపు కుట్టలేకపోయాను. ఎవరో వచ్చి పొమ్మంటారేమోనని మూడు తరాలుగా మా ఇంట్లో ఒక భయం ఉంది, నోటితో ఎవరం అనుకోం. ఆ రోజు నాకు ఆ భయం తగ్గింది.

ఆ మొదటి వానాకాలంలోనే అప్పకి జ్వరం తగిలింది. ఒక మధ్యాహ్నం చూస్తే మనిషి గదిలో లేదు. చాప చుట్టి చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని నడుచుకుంటూ వీధి వరండాలోకి పోయి, వానజల్లు కొడుతున్నచోట ముడుచుకుని పడుకుంది. ఎంత లాగినా లోపలికి రాలేదు. వాళ్ళలో ఒక వంశంవాళ్ళు ఇంకో వంశంవాళ్ళ ఇంట్లో ప్రాణం వదలకూడదట. ఇంటి దేవుళ్ళకి కోపం వస్తుందట, ఆ ఇంటికి చేటట. తను పోతే మా ఇంటికి ఏమీ కాకూడదని ఆవిడ బాధ. నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

అప్పటికే మా అమ్మకి మోకాళ్ళు సరిగ్గా లేవు. అయినా తలుపు పట్టుకుని వచ్చి నిలబడింది. నేను సంగతి చెప్పాను. అమ్మ వెనక్కి పోయి, దేవుడి గూట్లో దీపం వెలిగించింది. మా గూట్లో వెంకటేశ్వరస్వామి, అమ్మవారు, ఒక పక్కన బుద్ధుడు, ఫొటోలో మా తాత. అందరికీ కలిపి పెద్దగా, వరండాలోకి వినబడేలాగ చెప్పింది.

"సామీ, తల్లీ, నాయినా, అందరూ ఇనండి. ఈవిడ పరాయిది కాదు, మా అప్ప. ఉన్నా మా మనిసే, పోయినా మా మనిసే. ఆవిడమీద మీరు కోపం పెట్టుకుంటే రేపట్నించి దీపం నేదు, సెప్పీసినాను."

అప్పకి తెలుగు ముక్క రాదు. అయినా దీపం చూసింది, మా అమ్మ వేలు తనవైపు చూపించడం చూసింది, ఆ గొంతు వింది. నేను బర్మా మాటల్లో మళ్ళీ చెప్పాను. కాసేపటికి తనే లేచి చాప లోపలికి తెచ్చుకుంది. జ్వరం కూడా తగ్గింది. దేవుళ్ళని బెదిరిస్తే పనులవుతాయని మా అమ్మ తరవాత చాలాసార్లు గొప్పలు చెప్పుకుంది.

రెండో వానాకాలంలో మా అమ్మ పోయింది. ఆ ఏడు యాంగోన్‌లో ఊపిరి అందక పోయినవాళ్ళలో ఆమె ఒకతె. గాలి సిలిండరు కోసం నేను తిరిగిన వీధులు ఇప్పుడు తలుచుకోను. తీసుకుపోయే మనుషులు వచ్చి తీసుకుపోయారు. మంత్రం లేదు, స్నానం లేదు, నలుగురు లేరు. గుమ్మంలో నిలబడి చూడటం తప్ప నేనేమీ చెయ్యలేదు, ఎవరూ ఆమెతో వెళ్ళొస్తానని గాని, వెళ్ళిరా అని గాని ఒక్క మాట అనలేదు.

ఆ తరవాత నాకు అన్నం దిగలేదు. మిషను మీద దుమ్ము పట్టింది. ఎవరు పిలిచినా నా చెవిదాకా వచ్చి ఆగిపోయేది. మా వాళ్ళైతే దడుపంటారు, తాయెత్తు కట్టించమంటారు. కట్టించేవాళ్ళు కూడా ఎవరి ఇంట్లో వాళ్ళు తలుపులేసుకుని ఉన్నారు. అప్ప నన్ను నాలుగు రోజులు చూసింది. నీ ప్రాణం మీ అమ్మ వెనకే వెళ్ళింది, దానికి ఇల్లు తెలీటం లేదు, పిలుస్తాను అంది.

ఒక పొద్దున్న వీధి తలుపు తెరిచి, గిన్నెలో బియ్యం పోసి, మధ్యలో గుడ్డు నిలబెట్టి, అగరొత్తి గుచ్చింది. గుమ్మంలో నిలబడి వీధికేసి చూస్తూ పాడుతున్నట్టూ పిలుస్తున్నట్టూ మొదలుపెట్టింది. ఒక్క మాట అర్థం కాలేదు. కాని ఊళ్ళ పేర్లకి అనువాదం అక్కర్లేదు కదా. కాటికాడి పేర్లు, వీధుల పేర్లు, ఒక్కటొక్కటే దగ్గరికొస్తూ, చివరికి పజుండౌంగ్, పజుండౌంగ్, పజుండౌంగ్. పిలవడం అయ్యాక గుడ్డు ఉడకబెట్టి, నా చేత తినిపించి, మణికట్టుకి తెల్ల దారం కట్టింది. గుడ్డు తిన్నాక నాకు ఆకలి వేసింది. ఇంతకన్నా వివరంగా చెప్పడం నాకు రాదు. ఆ దారం తనంతట తను చివికి ఊడిపోయేదాకా నేను విప్పలేదు.

వానలు వెళ్ళిపోయాక కూతురు ఫ్యాక్టరీ మారి తన్లిన్‌లో పనికి చేరింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, తల్లిని తీసుకుపోయింది. నేను నెలకోసారైనా బస్సెక్కి వంతెన దాటి చూసి వచ్చేదాన్ని. అప్ప తను పోయినప్పుడు కట్టుకునే బట్టలు తయారుచేసుకుంటూ ఉండేది. వాటికి జిప్పు గాని, ఇనుప గుండీ గాని ఉండకూడదు, మిషను కుట్టు అసలే పనికిరాదు. నేను సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. ఒక దర్జీకి అంతకంటే చిన్న పని ఉండదు, నాకు అంతకంటే ఇష్టమైన పనీ లేదు.

ఈ ఏడు ఎండలు ముదిరాక కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి రేకుల ఇంట్లో నేలమీద పడుకోబెట్టారు. ఆ నీలం పావడా కట్టారు. నదులన్నీ ఒంటిమీద ఉన్నాయి. ఇక్కడి మోంగుల్లో చాలామంది చర్చికి పోతున్నారు, వాళ్ళకి ఈ పాట రాదు. పాట తెలిసినవాడు ఊళ్ళో ఒక్క పెద్దాయనే ఉన్నాడట, లైంగ్‌థార్యార్‌లో పికప్పు నడుపుతాడు. ఆయన వచ్చేదాకా అందరూ వాకిలికేసి చూస్తూ ఉన్నారు. వాళ్ళు ఊదే వెదురు గొట్టాల బూర దొరకలేదు. పాట ఒక్కటి మాత్రం తప్పకూడదన్నారు, మిగతావి లేకపోయినా పరవాలేదన్నారు.

పెద్దాయన వచ్చి అప్ప తల దగ్గర కూర్చున్నాడు. చేతిలో నిలువునా చీల్చిన వెదురు దుంప ముక్కలు రెండు. పాటలో ఒక్కో చోటు చెప్పాక వాటిని నేలమీద వేస్తాడు. పడిన తీరునిబట్టి పోయిన మనిషి సరేనందో లేదో తెలుస్తుందట. దారి చూపించడానికి ఒక కోడిపుంజు కూడా సిద్ధంగా ఉంది. ఆయన పాట ఎత్తుకున్నాడు. నేను కూతురి పక్కన చాపమీద కూర్చుని, తెలియని భాషలో తెలిసిన పేర్ల కోసం వింటున్నాను.

తన్లిన్ అన్నాడు. వెదురు వేశాడు, సరిగ్గా పడింది. పాట నది దాటింది. తరవాత లైంగ్‌థార్యార్ అన్నాడు.

వెదురు వేశాడు. ఆయన మొహం మారింది. మళ్ళీ వేశాడు. ఇంకోసారి. చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలాడారు. కూతురు మొహం కప్పుకుంది.

"ఏమైంది?" అని అడిగాను.

"అమ్మ కదలనంటోంది సయామ."

పెద్దాయన కూతురికేసి తిరిగి ఏదో అడిగాడు, చోటేదైనా వదిలేశామా అని కాబోలు. ఆ పిల్ల తల దించుకుని లేదన్నట్టు ఊపింది. ఊపేముందు ఒక్క క్షణం నాకేసి చూసింది. అప్పుడు అర్థమైంది. వెదురు ఎలా పడాలో అలా పడుతుంది, నేనంత పిచ్చిదాన్నేం కాదు. కాని తన్లిన్ వంతెన దాటి లైంగ్‌థార్యార్ పోవాలంటే మధ్యలో పజుండౌంగ్ లేదా? రెండు వానాకాలాలు మా ఇంట్లో తిని, తాగి, నా ప్రాణాన్ని పిలిచి తెచ్చిన మనిషి మా గుమ్మం ముందునుంచి మొహం తిప్పుకుని పోతుందా? నాకు ఒళ్ళు మండింది.

"మా ఇల్లేది?" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది.

ఆ పిల్ల నా చేతులు రెండూ పట్టుకుంది. "చావు పాటలో మీ ఇంటి పేరు పెట్టకూడదు సయామ. పరాయి వంశం ఇల్లు. మీ దేవుళ్ళకి కోపం వస్తుంది. అమ్మని అంత బాగా చూసుకున్నారు, ఆ ఇంటికి నేను చేటు తేలేను. నేనే చెప్పొద్దన్నాను."

నన్ను కాపాడటానికి తల్లిని దారిలో నిలబెట్టేసింది పిచ్చిపిల్ల. తిట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. చావు పాటలో సొంత ఇంటి పేరు పలికించుకోవడానికి మావాళ్ళలో కూడా ఎవరికి మనసొప్పుతుంది? ఆ వెంటనే వరండా, చాప, వానజల్లు, దీపం గుర్తొచ్చాయి. ఆ రోజు ఈ పిల్ల అక్కడ లేదు. దానికి తెలీదు. తెలిసిన ముగ్గురిలో ఇద్దరు పోయారు.

అందరి ముందూ చెప్పాను. బర్మా మాటల్లోనే చెప్పాను, మా అమ్మ మాటలు మాత్రం తెలుగులో చెప్పి మళ్ళీ బర్మాలోకి మార్చాను. దేవుళ్ళని బెదిరించిన ముక్క దగ్గర ఒకరిద్దరు నవ్వారు.

పెద్దాయన నవ్వలేదు. "మీ అమ్మ నోటితో చెప్పిందా?" అని అడిగాడు.

"నోటితోనే. దీపం పెట్టి."

"ఎవరు విన్నారు?"

"నేను విన్నాను. ఈవిడా వింది" అన్నాను, అప్పని చూపించి.

ఆయన పక్కనున్న ముసలివాళ్ళతో చాలాసేపు మాట్లాడాడు. ఒకాయన ఒప్పుకోలేదనుకుంటాను, చెయ్యి విసురుతూ వాదించాడు. నేను కదలకుండా కూర్చున్నాను. అంతసేపూ ఒక్కటే అనుకున్నాను, ఈ మనిషి మా గుమ్మం తొక్కకుండా పోకూడదు.

చివరికి పెద్దాయన నావైపు తిరిగాడు. "అక్కడ ఏ నీళ్ళు తాగింది?"

"పెరట్లో తొట్టి నీళ్ళు. కాచి ఇచ్చేవాళ్ళం."

"ఏ కట్టెలు కాల్చింది?"

"కట్టెల్లేవు. గ్యాసు. కరెంటు పోతే బొగ్గుల కుంపటి."

"బొగ్గులు అని చెబుతాను" అన్నాడు. "ఆ చోటుకి యజమాని ఎవరు? వెళ్తూ ఎవరికి చెప్పుకోవాలి?"

నేను అని చెప్పబోయాను. ఇల్లు ఇప్పుడు నాదే. నోటిదాకా వచ్చాక ఆగాను. ఆవిడని లోపలికి పిలిచింది నేను కాదు.

"మా అమ్మ" అన్నాను. "పోయింది. అయినా ఆవిడకే చెప్పాలి."

"ఈవిడని ఏమని పిలిచేది?"

"అప్ప అని."

ఆయన మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. తన్లిన్ అన్నాడు. నది దాటాడు. పజుండౌంగ్ అన్నాడు. తరవాత ఆ తెలియని మాటల మధ్యలో, కొంచెం వంకరగా, కాని స్పష్టంగా, అప్ప అన్నాడు. మా అమ్మ మాట. ఇంకెవరి నోటా వినబడదనుకున్న మాట. వెదురు వేస్తే మొదటిసారి సరిగ్గా పడలేదు. పాట ఇంకొంచెం సాగదీసి, రెండోసారి వేశాడు. పడింది. కూతురు నా భుజం మీద తల పెట్టుకుని బావురుమంది, నేనూ ఆపుకోలేదు. పాట లైంగ్‌థార్యార్ దాటి, ఉత్తరాన లాషో దాటి, నేనెన్నడూ వినని కొండ ఊళ్ళ పేర్లలోకి వెళ్ళిపోయింది. చివర్న తల్లిదండ్రుల మంచం కింది చొక్కా దగ్గర ఆగిందట. ఆ ఇల్లు ఇప్పుడు లేదట. నేల ఉంటుంది కదా అన్నాడు పెద్దాయన.

సాయంత్రం బస్సులో వంతెన మీద వస్తూ నేను మా అమ్మ గురించే ఆలోచించాను. ఆమె పోయినప్పుడు ఎవరూ ఆమెకి వెళ్ళొస్తానని చెప్పలేదు. ఇవాళ ఒకరు దారిలో ఆగి, గుమ్మంలో నిలబడి, నీ ఇంట్లో నీళ్ళు తాగాను అని చెప్పి వెళ్తున్నారు. అప్ప నాకు ఏమేమి ఇచ్చిందో చెప్పుకుంటూ వచ్చాను, ఊరు ఇచ్చింది, ప్రాణం తెచ్చి ఇచ్చింది. ఇది మాత్రం మా అమ్మకి ఇచ్చింది.

ఇంటికి వచ్చి వీధి తలుపు తీసి పెట్టాను. అదృష్టం, కరెంటు ఉంది. మోటారు వేసి పెరట్లో తొట్టి నిండా నీళ్ళు పట్టాను. దేవుడి గూట్లో దీపం పెట్టాను. పాట ప్రకారం అప్ప మధ్యాహ్నమే మా ఇల్లు దాటి వెళ్ళిపోయి ఉండాలి. నేను మాత్రం తలుపు వెయ్యలేదు. వెనక వరండాలో ఆ ఇద్దరూ కబుర్లలో పడ్డారంటే అంత తొందరగా తెమలరు.